గుడ్లగూబకు ఎన్ని గంటలు?

యంత్రశాలలో పనిచేసేవారికి ప్రతి వస్తువూ గంటల రూపంలోనే కనబడుతుంది. ఒక షాఫ్టును లేతు మీద చెక్కడానికి ఎంతసేపు పట్టినది, ఒక వెల్డింగు అతుకుకు ఎంతసేపు పట్టినది, ఒక బేరింగు మార్చడానికి ఎందరు ఎన్ని గంటలు నిలబడ్డారు అనేవన్నీ జాబ్ కార్డు మీదికి ఎక్కవలసిందే. ముప్పది సంవత్సరాలకు పైగా ఆ లెక్కల నడుమనే గడిపిన మాకు, ఏ కార్డు మీదికీ ఎక్కని గంటలు మన ఇళ్ళలోనే ఎన్ని ఉన్నవో చూపినది అరచేతిలో ఇమిడే ఒక ఊలు గుడ్లగూబ. ఆ ముచ్చటను సహోద్యోగులతోను, వారి కుటుంబసభ్యులతోను పంచుకొనుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

2024 అక్టోబరులో ఆర్జిత సెలవు పెట్టి, దంపతులమిద్దరం న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాము. ఆ నెలలో అక్కడి వీధులు చూడముచ్చటగా ఉంటాయి. చెట్ల ఆకులు పసుపు, ఎరుపు రంగులకు తిరిగి రాలుతుంటాయి. ప్రతి ఇంటి మెట్ల మీదా గుమ్మడికాయలు, గుమ్మాలకు దూదితో చేసిన సాలెగూళ్ళు, కిటికీలలో గబ్బిలాలు, నల్లపిల్లులు, గుడ్లగూబలు. మనము దిష్టి తగలకుండా ఇంటి ముందు బూడిద గుమ్మడికాయ కట్టుకుంటాము. వారు గుమ్మడికాయను తొలిచి, దానికి కళ్ళు, ముక్కు, నోరు చెక్కి, లోపల దీపం పెడతారు. అక్టోబరు 31 సాయంత్రం పిల్లలు రకరకాల వేషాలు వేసుకొని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడిగి తెచ్చుకుంటారు. ఇదే హాలోవీన్ పండుగ.

దీని పుట్టుక ఐర్లండ్, స్కాట్లండ్ ప్రాంతాలలోని ప్రాచీన కెల్టు జాతుల 'సావిన్' పండుగలో ఉన్నదంటారు. పంటకాలం ముగిసి చలికాలం మొదలయ్యే ఆ రాత్రి, గతించినవారి ఆత్మలు ఇళ్ళకు వస్తాయని వారి నమ్మకం. నవంబరు 1న క్రైస్తవుల సకల పునీతుల పండుగ రావడంతో, దాని ముందు రాత్రి హాలోవీన్ అయినది. ఐర్లండులో మొదట టర్నిప్ దుంపలను తొలిచి దీపాలు పెట్టేవారు. 1840ల నాటి బంగాళాదుంపల కరవుకు లక్షలాది ఐరిష్ ప్రజలు అమెరికాకు వలసపోయినప్పుడు ఈ ఆచారం కూడా వారితోనే వెళ్ళినది. అక్కడ సమృద్ధిగా దొరికే గుమ్మడికాయ, దుంప స్థానాన్ని ఆక్రమించినది.

ఆ కరవుతోనే ముడిపడిన మరొక విషయం ఇక్కడ చెప్పుకోవాలి. తిండిగింజలు లేక అలమటించిన ఐరిష్ కుటుంబాలకు నాలుగు కాసులు దొరికేందుకు, అక్కడి కాన్వెంట్లలోని సన్యాసినులు స్త్రీలకు క్రోషే లేసు అల్లిక నేర్పారు. ఒక సూది, ఒక దారపు ఉండ ఉంటే చాలు, పెట్టుబడి అక్కరలేదు. ఇంచుమించు అదే దశాబ్దంలో, ఎన్నో వేల మైళ్ళ దూరాన, మన గోదావరి తీరంలోని నరసాపురంలో కూడా లేసు అల్లిక వేరూనినది. 1844 ప్రాంతంలో స్కాట్లండ్ నుండి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు అక్కడి స్త్రీలకు ఈ పని నేర్పారని చెబుతారు. మా కథకు అసలు మూలం అక్కడున్నది. ఎందుకంటే మా శ్రీమతి పుట్టినది నరసాపురం దగ్గరి పల్లెలోనే.

అయిదేళ్ళ మా మనుమరాలు బడి నుండి వస్తూనే ఒకనాడు, "అమ్మమ్మా, నాకొక గుడ్లగూబ అల్లిపెట్టవా?" అని అడిగినది. తరగతిలో ఎవరి సంచికో అటువంటిది వేలాడుతూ కనబడినదట. "మీ అమ్మమ్మకు అల్లిక వచ్చు" అని మా అమ్మాయి ఎప్పుడో చెప్పిన మాట ఆ పసిదానికి గుర్తున్నది. మా శ్రీమతి వెంటనే బదులు చెప్పలేదు. ఆమె ఆ సూది పట్టి అప్పటికి 34 సంవత్సరాలు. పెళ్ళయి మా సంస్థ టౌన్‌షిప్‌లో కాపురానికి వచ్చిన నాడే, ఇక జన్మలో లేసు సూది ముట్టనని ఆమె గట్టిగా అనుకున్నది. కారణం మాకు తెలుసు.

మా అత్తగారు చిన్నతనం నుండి లేసు అల్లేవారు. తెల్లవారి ఇంటిపని ముగించుకొని అరుగు మీద కూర్చుంటే, వంట వేళకు లేవడం, మళ్ళీ కూర్చోవడం, దీపం పెట్టాక కూడా వెలుతురు అందినంతసేపు అల్లడం. ఆ పల్లెల్లో దానిని 'చేతిపని' అనేవారు. పువ్వులు అల్లేవారు కొందరు, ఆ పువ్వులను అతికి బల్లగుడ్డలుగా తయారుచేసేవారు మరికొందరు. ఈ రెండవదానిని 'అతుకుపని' అంటారు. ఏజెంటు వచ్చి దారం లెక్కపెట్టి ఇచ్చేవాడు, అల్లిన ముక్కలు లెక్కపెట్టి తీసుకునేవాడు. గంటల లెక్క మాత్రం ఎవరి దగ్గరా ఉండేది కాదు. మా శ్రీమతి పదవ తరగతి పరీక్ష రుసుము, ఆపైన కళాశాలకు వెళ్ళిన రోజుల బస్సు చార్జీలు ఆ ముక్కల మీదనే గడిచినవి. అయినా ఇంటి వివరాలు వ్రాసుకొనుటకు ఎవరు వచ్చినా, అత్తగారి వృత్తి అనే గడిలో 'ఏమీ లేదు' అనే వ్రాయించేవారు. "ఖాళీగా ఉన్నప్పుడు అల్లుకునేదే కదా" అనేది అందరి మాట. అత్తగారి మాట కూడా అదే. యాభై యేళ్ళు దాటకుండానే ఆమెకు దగ్గరి చూపు బాగా తగ్గిపోయినది. అది అల్లిక వలననే అని ఏ వైద్యుడూ చెప్పలేదు కానీ, మా శ్రీమతి మనస్సులో ఆ తెల్లదారమూ, తల్లి చిట్లించిన కళ్ళూ ఒకే చిత్రంగా నిలిచిపోయినవి.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. మారియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం లేసు స్త్రీల జీవితాలను స్వయంగా పరిశీలించి 1982లో ఒక గ్రంథం ప్రచురించారు. దేశదేశాలకు ఎగుమతి అయ్యే సరుకును తయారుచేస్తున్న ఆ స్త్రీలను పనివారుగా కాక, తీరిక వేళలను సద్వినియోగం చేసుకునే గృహిణులుగా భావించడం వలననే వారి కూలి అంత తక్కువగా ఉన్నదని ఆమె వివరించారు. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇళ్ళలో పనిచేసేవారి గురించి ప్రత్యేకంగా ఒక ఒప్పందాన్ని ఆమోదించినది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. మేము ప్రయాణమైన సంవత్సరంలోనే ఈ గుర్తింపు వచ్చినదని విని మా శ్రీమతి, "ఊరికి పేరు వచ్చింది, సంతోషమే. అమ్మకు కూడా ఒక పేరు ఉంటే బాగుండేది" అన్నది. అత్తగారు అప్పటికి గతించి ఆరేళ్ళయినది.

మనుమరాలి ముచ్చట ముందు పాత పట్టుదల రెండు రోజులకు మించి నిలువలేదు. మూడవనాడు దుకాణానికి వెళ్ళి గోధుమరంగు, తెలుపు, నారింజరంగు ఊలు ఉండలు, 3.5 మిల్లీమీటర్ల అల్యూమినియం సూది, లోపల కూరేందుకు పాలియెస్టర్ దూది తెచ్చుకున్నాము. లేసుకు వాడే ఉక్కు సూది కొన దీనిలో మూడవ వంతు కూడా ఉండదు. "ఇది సూది కాదండీ, గునపం" అని మా శ్రీమతి నవ్వినది. అయితే పట్టుకున్న క్షణం నుండి వేళ్ళు మాత్రం తమ దారి తామే వెతుక్కున్నవి.

ఇటువంటి చిన్న బొమ్మలను జపాను వారు 'అమిగురుమి' అంటారు. అల్లిక, కూరిన బొమ్మ అనే రెండు మాటల కలయిక అది. అల్లే విధానంలో ఇంజనీర్లకు ఆసక్తి కలిగించే విషయం ఒకటున్నది. మొదట ఒక చిన్న వలయం చేసి అందులో 6 కుట్లు వేస్తారు. తరువాతి వరుసలో 12, ఆపైన 18, 24, 30, 36. ప్రతి వరుసకు ఆరు చొప్పుననే పెంచడం ఎందుకని మేము కాగితం మీద లెక్క వేసి చూశాము. వృత్తపు చుట్టుకొలత వ్యాసార్థానికి రెండు 'పై' రెట్లు. అంటే వ్యాసార్థం ఒక కుట్టు ఎత్తు పెరిగినప్పుడు చుట్టుకొలత సుమారు 6.28 కుట్ల ఎత్తు పెరగాలి. కుట్టు ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం కనుక, ఆరు కుట్లు పెంచితే వృత్తం చదునుగా వస్తుంది. అంతకు తక్కువ పెంచితే గిన్నెలా ముడుచుకుంటుంది, ఎక్కువ పెంచితే అంచు కుచ్చిళ్ళు పడుతుంది. ఈ కుచ్చిళ్ళ గుణాన్నే ఆధారం చేసుకొని, కార్నెల్ విశ్వవిద్యాలయ గణితవేత్త దైనా తైమిన 1997లో హైపర్‌బోలిక్ తలాన్ని క్రోషే అల్లికతో చేసి చూపారు. ఈ లెక్కంతా విన్న మా శ్రీమతి, "దీనికి ఇంత కాగితం ఎందుకండీ, మా అమ్మ వేలితో తడిమి చెప్పేది" అన్నది. గీతలు, సూత్రాలు లేకుండానే తరతరాలుగా ఆ స్త్రీల వేళ్ళకు ఈ జ్యామితి తెలుసు.

బొమ్మ తయారీ ఇలా సాగినది. అడుగుభాగం 6 నుండి 36 వరకు ఆరు వరుసలు, మొత్తం 126 కుట్లు. ఆపైన పెంచకుండా 36 కుట్ల వరుసలు పదహారు, అంటే 576. దూది కూరి పైఅంచును చదునుగా కలిపి కుడితే, రెండు మూలలూ గుడ్లగూబ చెవులవలె నిక్కుతాయి. రెక్కలు రెంటికి 72, కళ్ళ చుట్టూ తెల్ల బిళ్ళలకు 36. అన్నీ కలిపి 810 కుట్లు. లోపలి దూది బయటికి కనబడకుండా కుట్లు బిగువుగా ఉండాలి కనుక, ఊలు చీటీ మీద సూచించిన దానికంటె సన్నని సూది వాడతారు. కళ్ళకు వెనుక బిళ్ళతో బిగించే ప్లాస్టిక్ కళ్ళు దొరుకుతాయి. పక్కింటిలో రెండేళ్ళ పసివాడున్నాడు. ఊడిన కన్ను నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడవచ్చును. అందుచేత నల్లదారంతోనే కళ్ళు కుట్టించాము. భద్రతా నియమాలు ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోవు కదా!

అలవాటు చొప్పున మేము గడియారం చూస్తూ నోటుపుస్తకంలో పద్దు వ్రాశాము. శరీరానికి 2 గంటల 5 నిమిషాలు, రెక్కలకు 40 నిమిషాలు, కళ్ళకు, ముక్కుకు 35 నిమిషాలు, కూరి కుట్టి ముగించడానికి 20 నిమిషాలు. మొత్తం 3 గంటల 40 నిమిషాలు. చేయి తిరిగిన కొద్దీ కాలం తగ్గి, అయిదవ గుడ్లగూబ నాటికి 2 గంటల 10 నిమిషాలైనది.

అదే వారం ఒక పెద్ద దుకాణంలో హాలోవీన్ సరుకుల మధ్య అటువంటి అల్లిక గుడ్లగూబే కనబడినది. వెల 8 డాలర్లు. చీటీ మీద 'చేతి అల్లిక' అని ఉన్నది కానీ, ఏ చేతిదో లేదు. దానిని యంత్రం మీద చేసి ఉంటారేమోనని ఎవరికైనా తోచవచ్చును. కానీ క్రోషే సంగతి వేరు. సూదులతో అల్లే నిటింగుకు 1589లోనే ఇంగ్లండులో విలియం లీ యంత్రం కనిపెట్టాడు. అందులో కళ్ళన్నీ వరుసగా సూదుల మీద నిలిచి ఉంటాయి కనుక యంత్రానికి అందుతాయి. క్రోషేలో తెరచి ఉండే కన్ను సాధారణంగా ఒక్కటే. సూది ప్రతిసారీ అల్లిన గుడ్డలో సరియైన చోటు వెతికి గుచ్చుకొని, దారాన్ని లాగి, కన్నులో నుండి కన్ను తీయాలి. 'క్రోషే యంత్రాలు' అనే పేరుతో పరిశ్రమలో ఉన్నవి నిజానికి వార్ప్ నిటింగ్ యంత్రాలు. ప్రయోగశాలలలో నమూనాలు తయారైనా, బజారులో కనబడే క్రోషే బొమ్మలు మనిషి చేతిమీదుగా వచ్చినవే. కాబట్టి ఆ గుడ్లగూబ వెనుక ఎక్కడో ఒక అరుగు, ఒక స్త్రీ, కొన్ని గంటలు ఉన్నట్లే.

మేము అక్కడే నిలబడి లెక్క వేశాము. ఊలు ఖర్చు, రవాణా, దుకాణం లాభం అన్నీ సున్నా అనుకొని, ఎనిమిది డాలర్లూ అల్లినవారికే ముట్టినవనుకున్నా, చేయి తిరిగిన మనిషికి గంటకు నాలుగు డాలర్లు కూడా రావు. 2024లో న్యూజెర్సీ రాష్ట్రపు కనీస వేతనం గంటకు 15.13 డాలర్లు. ఆ లెక్కన ఆ బొమ్మకు కూలియే 33 డాలర్ల దాకా కావాలి. మా శ్రీమతి బొమ్మను చేతిలోకి తీసుకొని, వెనుకవైపు తిప్పి, దారం ముడి పెట్టిన చోటు చూసినది. "చక్కగా దాచింది" అని మెచ్చుకొని, మెల్లగా యథాస్థానంలో పెట్టినది.

మా ఇంటి గుడ్లగూబ వీధిలో అందరికీ నచ్చినది. ఒక సాయంత్రం మా అమ్మాయి స్నేహితురాళ్ళు నలుగురు వచ్చారు. అందులో ఒకరు ఎంతో ఆప్యాయంగానే, "ఆంటీ, మీరిక్కడ ఖాళీగానే ఉంటారు కదా, టైంపాస్‌గా ఓ ఇరవై అల్లిపెట్టండి. ఊరికే వద్దు, ఒక్కోదానికి అయిదు డాలర్లు ఇచ్చేస్తాం" అన్నారు. ఆ అమ్మాయి మాటలో దురుద్దేశం లేదు. అయినా 'ఖాళీగానే' అన్న మాట వినగానే మా శ్రీమతి చేతిలోని సూది ఆగినది. మేమిద్దరం ఒకరినొకరం చూసుకున్నాము. ఆ మాట మాకు కొత్త కాదు. నరసాపురం అరుగుల మీద పుట్టిన మాట సముద్రాలు దాటి మాకంటె ముందే అక్కడికి చేరినది.

కొంచెం సేపటికి ఆమె ఇలా అన్నది: "డబ్బు తీసుకుని అల్లేందుకు మా వీసా ఒప్పుకోదమ్మా. ఊరికే ఇరవై అల్లి ఇవ్వడానికి నా మనస్సు ఒప్పుకోదు. శనివారం నలుగురూ రండి, నేర్పుతాను. ఎవరి గుడ్లగూబ వారే అల్లుకోండి."

వారు వచ్చారు. ఒకరు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసేవారు, ఒకరు బ్యాంకులో పనిచేసేవారు. అందరూ చదువుకున్నవారే. మొదటి వలయమే అరగంట తీసుకున్నది. ఒకరికి గిన్నె వచ్చినది, ఒకరికి కుచ్చిళ్ళు వచ్చినవి. మాకు తెలిసిన ఆరు కుట్ల సూత్రం చెప్పాము. విప్పి మళ్ళీ అల్లారు. మూడు గంటలు గడిచేసరికి అందరి చేతులలోను అడుగుభాగం మాత్రమే తయారైనది. అయిదు డాలర్లు ఇస్తానన్న అమ్మాయి వేళ్ళు విరుచుకుంటూ, "ఆంటీ, ఒక్కోటి నూరు డాలర్లకు కూడా అల్లలేను" అన్నది. మా శ్రీమతి నవ్వి, ఆమెకు కాఫీ ఇచ్చి, తన తల్లి గురించి చెప్పినది. కాపురానికి వచ్చిన తరువాత ఇతరుల ఎదుట ఆమె ఆ సంగతులు చెప్పడం మేము చూచినది అదే మొదటిసారి. మరి రెండు శనివారాలకు నాలుగు గుడ్లగూబలు పూర్తి అయినవి. ఒకదానికి ఒక చెవి పొడుగు, ఒకదానికి కళ్ళు మెల్ల. వాటిని ఎవ్వరూ ఎవ్వరికీ అమ్మలేదు.

ఆ సంవత్సరం దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబరు 31నే వచ్చినవి. గుమ్మం ముందు ఒకపక్క గుమ్మడికాయ, మరొకపక్క ప్రమిదలు పెట్టారు. పిల్ల తన గుడ్లగూబను తెచ్చి దీపాల దగ్గర కూర్చోబెట్టినది. పండుగనాడు గుడ్లగూబ ఏమిటని మాకు కొంచెం జంకు కలిగిన మాట వాస్తవం. మన వైపు దానిని అపశకునమంటారు కదా. పక్కవీధిలోని బెంగాలీ మిత్రులు చూచి, గుడ్లగూబ లక్ష్మీదేవి వాహనమని, తమ ఇళ్ళలో అమ్మవారి ప్రక్కనే ఉంటుందని చెప్పారు. ఇక పూజగదిలో కూడా దానికి చోటు దొరికినది.

ఈ అనుభవం నుండి మాకు కలిగిన ఒక ఆలోచనను సహోద్యోగుల ముందు ఉంచుతున్నాము. మన టౌన్‌షిప్ మహిళా మండలి ప్రతి ఏటా చేతిపనుల ప్రదర్శన, అమ్మకం నిర్వహిస్తుంటుంది. అల్లికలు, కుట్లు, బొమ్మలు, తోరణాలు అన్నీ ఉంటాయి. "ఇంట్లో చేసినదే కదా, కొంచెం తగ్గించండి" అనే మాట అక్కడ తరచుగా వినబడుతుంది. ఇకమీదట ప్రతి వస్తువు దగ్గర వెల చీటీ ప్రక్కన మరొక చిన్న చీటీ ఉంచితే బాగుంటుంది. దాని మీద చేసినవారి పేరు, పట్టిన గంటలు, ఈ రెండు మాటలు చాలు. బేరమాడవద్దని ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆ అంకె తన పని తాను చేస్తుంది. ఫ్యాక్టరీలో మన గంటలను మనం ఎంత శ్రద్ధగా వ్రాసుకుంటామో, ఇళ్ళలోని గంటలను కూడా అంత శ్రద్ధగా వ్రాసుకోవడం నేర్చుకోవాలి.

రాబోయే ప్రదర్శనలో మా శ్రీమతి కూడా ఒక బల్ల తీసుకుంటున్నది. గుడ్లగూబలు, గబ్బిలాలు మన వైపు ఎంతవరకు అమ్ముడుపోతాయో చూడాలి. చీటీలు మాత్రం ఇప్పటికే వ్రాసి సిద్ధంగా ఉంచాము: గుడ్లగూబ, 2 గంటల 10 నిమిషాలు. పేరు ఉండవలసిన చోట తన పేరు వ్రాసి, దాని క్రింద 'నేర్పినవారు' అని మరొక గీత గీసి, ఆమె తన తల్లి పేరు వ్రాసుకున్నది.